మూడో వరుసలో మా రెండు కుర్చీలు

ప్రతి ఏడాది దీపావళి అయిన వారానికి కాలేజీ నుంచి ఫోనుకు మెసేజ్ వస్తుంది. ఫుట్‌బాల్ సీజన్ పాసులు మళ్లీ తీసుకునేవాళ్లు ఫలానా శనివారం లోపల తీసుకోవాలి, లేకపోతే ఆ కుర్చీలు వేరేవాళ్లకు ఇస్తామని అందులో ఉంటుంది. నేను ఎప్పుడూ ఆ శనివారం దాకా ఆగిందాన్ని కాదు. మెసేజ్ వచ్చిన మర్నాడే వెళ్లి పడమటి వైపు మూడో వరుసలో పదకొండు, పన్నెండు నంబర్ల కుర్చీలు మళ్లీ రాయించుకుని వచ్చేదాన్ని. ఒకటి నాది, ఒకటి మా అత్తమ్మది. ఆ ఏడాది మాత్రం మెసేజ్ చదివి, ఫోను కుట్టుమిషను బల్ల మీద బోర్లా పెట్టి, చేతిలో ఉన్న జాకెట్టు పని చూసుకున్నాను.

మేం కాలేజీ చదువులు చదివినవాళ్లం కాదు. నేను పదో తరగతి తప్పినదాన్ని. అత్తమ్మ వేలిముద్ర వేస్తుంది. అంకెలు మాత్రం బస్సుల మీద చూసి నేర్చుకుంది. అలాంటి మేమిద్దరం ఒక ఇంజనీరింగు కాలేజీ టీము ఆటలకు పధ్నాలుగేళ్లు తప్పకుండా వెళ్లామంటే ఎవరైనా నవ్వుతారు. మా ఆయనే నవ్వేవాడు.

ఇబ్రహీంపట్నం బస్టాండు వెనక సందులో మా కుట్టు కొట్టు. సాగర్ రోడ్డు పొడుగునా కాలేజీలు ఒకదాని పక్కన ఒకటి లేస్తున్న రోజుల్లో, అలా లేచిన ఒక కాలేజీ నుంచి డ్రిల్లు సారు మా కొట్టుకు వచ్చాడు. ఫుట్‌బాల్ నేర్పేది ఆయనే. సంచిలో పదిహేను నీలం బనియన్లు తెచ్చాడు. వీపు మీద తెల్లగుడ్డతో అంకెలు కుట్టాలన్నాడు. నేను అట్టముక్కల మీద అంకెలు గీసి కత్తిరించుకున్నాను. ఆరుకూ తొమ్మిదికీ ఒకటే అట్ట సరిపోయింది. కుట్టేటప్పుడు ఆరును తలకిందులుగా పెట్టి కుట్టేశాను. టీములో ఇద్దరు తొమ్మిదో నంబరు వాళ్లు తయారయ్యారు.

ఆదివారం మధ్యాహ్నం ఆట మొదలైన కాసేపటికి రిఫరీ అది చూసి ఒకడిని బయటికి పంపాడట. సారు స్కూటరు వేసుకుని మా కొట్టుకు వచ్చాడు.

"అక్కా, సూది దారం పట్టుకొని జల్ది నడువు. నువ్వు కుట్టిన తొమ్మిది తోటి పోరడు బయట నిలబడ్డడు."

అత్తమ్మ అప్పుడు ఒక మూలన కూర్చుని జాకెట్లకు హుక్కులు కుడుతోంది. కోడలు ఒక్కతే ఆ స్కూటరు ఎక్కడం ఆమెకు నచ్చలేదు. "నేను గూడ వస్త," అని కత్తెర కొంగులో చుట్టుకుని లేచింది. ముగ్గురం ఆ స్కూటరు మీదే వెళ్లాం.

గ్రౌండు అంటే అప్పుడు ఎర్రమట్టి, సున్నపు గీతలు, అంతే. ఆ పిల్లవాడు గీత పక్కన నిలబడి ఉన్నాడు. బనియను విప్పి ఇవ్వమంటే ఆడవాళ్ల ముందు సిగ్గుపడ్డాడు. సరే అని వీపు మీదే కుట్లు విప్పి, అంకెను తిప్పి, మళ్లీ కుట్టాను. చెమటకు గుడ్డ ఒంటికి అంటుకుపోయింది. అత్తమ్మ వాడి రెండు భుజాలు గట్టిగా పట్టుకుని, "కదలకు బిడ్డా, సూది దిగుతది" అంటూనే ఉంది. ఒకసారి దిగింది కూడా. వాడు కిక్కురుమనలేదు. ఆటలోకి వెళ్లే తొందర వాడిది.

మమ్మల్ని మళ్లీ దింపి రావడానికి సారుకు తీరిక లేదు. ఏం చేస్తాం, రాళ్ల మీద కూర్చుని చూశాం. మూడు గోల్స్ తేడాతో మనవాళ్లు ఓడిపోయారు. తిరిగి వచ్చేటప్పుడు షేర్ ఆటోలో అత్తమ్మ అంది: "గా ఆరో నంబరోడు మంచిగనే ఉరికిండు. మనం కుట్టిందే కదా."

తర్వాతి గురువారం హుక్కు కుడుతూ తలెత్తకుండా అడిగింది. "మళ్ల ఆట ఎన్నడంట?"

అలా పడింది మాకు అలవాటు. మొదటి రెండేళ్లు రాళ్ల మీద, ఆ తర్వాత సిమెంటు మెట్ల మీద కూర్చున్నాం. నాకు ఆట నియమాలు సారు చెప్పాడు. అత్తమ్మకు ఎవరూ చెప్పలేదు, చూసి చూసి తనే తెలుసుకుంది. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో నాకు మూడు వారాలు పట్టింది. ఆమె మాత్రం ఒకరోజు పక్కన కూర్చున్న హాస్టలు ఆడపిల్లకు చెబుతోంది: "బస్సు ఆగకముందే కిటికీల నుంచి రుమాలు ఏస్తరు సూడు సీటుకు, గట్ల. బంతి రాకముందే పోయి జాగ పట్టుకుంటే తప్పు." ఆ పిల్ల తల ఊపింది. అంతకంటే బాగా చెప్పినవాళ్లను నేను ఈరోజుకీ చూడలేదు.

అత్తమ్మ ఆట చూసే తీరు వేరు. కుదురుగా కూర్చునేది కాదు. గోల్ పడితే పెద్దగా పట్టించుకునేది కాదు గానీ, కిందపడిన ఎదుటి టీము పిల్లవాడికి చెయ్యి ఇవ్వకుండా మనవాడు వెళ్లిపోతే లేచి నిలబడి తిట్టేది. "లేపురా వాన్ని, నీ సొమ్మేం పోతది" అని ఆమె అరిస్తే గ్రౌండు అవతలి దాకా వినిపించేది. చాలాసార్లు వాడు వెనక్కి వచ్చి లేపేవాడు. సారు మాకు ఎప్పుడూ టికెట్టు అడగలేదు. టికెట్లే లేవు అప్పుడు.

ఆ తర్వాత మా చుట్టుపక్కల ఎంత మారిందో చెప్పడం మొదలుపెడితే అదే పెద్ద కథ అవుతుంది. మన్నెగూడ దాకా వెంచర్ల బోర్డులు వచ్చాయి. కాలేజీ పక్కన మొక్కజొన్న వేసే చేలలో అపార్టుమెంట్లు లేచాయి. కాలేజీ కూడా పెద్దదైంది. ఎర్రమట్టి మీద పచ్చగడ్డి పరిచారు. పడమటి వైపు కప్పు వేసి కుర్చీలు పెట్టారు, నాలుగు మూలలా లైట్ల స్తంభాలు నిలబెట్టారు. సీజన్ పాసులు అమ్మడం అప్పుడే మొదలైంది. మొదటి ఏడాదే వెళ్లి మూడో వరుస తీసుకున్నాం. అక్కడ ఎండ వీపు మీద పడుతుంది, కళ్లలో పడదు. గ్రౌండు ఈ చివర నుంచి ఆ చివర దాకా కనిపిస్తుంది. బంతి ఎవరికి వెళ్లబోతోందో ముందే ఊహించడం నాకు అక్కడే అబ్బింది. మిషను మీద కూర్చునే నాకు వారంలో తల ఎత్తి దూరం చూసే పని అదొక్కటే.

బనియన్లు మాత్రం మా కొట్టుకు రావడం మానేశాయి. అంకెలు అచ్చు వేసినవి సిటీ నుంచి వచ్చేవి. దానికి నేను బాధపడలేదు, నాకు జాకెట్ల పనే మోయలేనంత ఉండేది. కానీ ఒక ఏడాది డ్రిల్లు సారును పంపేసి సిటీ నుంచి కోచ్‌ను తెచ్చారు. సారు మహేశ్వరం దగ్గర ఏదో బడిలో చేరాడని విన్నాం. ఆటగాళ్లను కూడా ఎక్కడెక్కడి నుంచో సీటు ఇచ్చి తీసుకురావడం మొదలైంది. మంచి ఆటగాళ్లే. ఒక్క ఏడాది ఆడి వెళ్లిపోయేవాళ్లు. వాళ్ల నంబర్లు మాకు అలవాటయ్యేలోపు ఆ నంబర్లలో కొత్తవాళ్లు ఉండేవాళ్లు. ఆటలు ఫోన్లలో చూపించడం కోసం సాయంత్రం లైట్ల కింద పెట్టసాగారు. గెలుపులు ఎక్కువయ్యాయి. గెలిచినప్పుడల్లా చెవులు చిల్లులు పడేలా పాటలు.

ఆ మెసేజ్‌కు ముందటి సీజనులో చివరి ఆట రోజు ఒక సంగతి జరిగింది. మేం వెళ్లి కూర్చున్నాక మెడలో కార్డు వేసుకున్న ఒక కుర్రవాడు వచ్చాడు.

"అమ్మా, జర లేవుండ్రి. గెస్టులు వస్తున్నరు. మీకు వెనక సీట్లు ఇస్త."

నేను పాసు చూపించాను. వాడు పాసు చూడలేదు, వెనక వరుసే చూపిస్తున్నాడు. గొడవ పడదామనుకునేలోపు అత్తమ్మే లేచి నడిచింది. స్పీకరు పెట్టె పక్కన ఎక్కడో రెండు కుర్చీలు ఇచ్చారు. ఆ రోజు ఆటంతా అత్తమ్మ నోరు మెదపలేదు. ఆటోలో కూడా మాట్లాడలేదు. ఆమెకు అవమానం తగిలిందని నాకు అర్థమైంది. అర్థమైందని అనుకున్నాను.

కాబట్టి మెసేజ్ వచ్చినప్పుడు నా మనసు ఎటూ తేలలేదు. ఎవరి టీము అది? మేం కుట్టిన బనియన్లు లేవు, మాకు తెలిసిన సారు లేడు, పేరుకు మాత్రమే మా ఊరి కాలేజీ. పాసు ధర ఏటా పెరుగుతోంది. మా ఆయన రావిర్యాల దగ్గర ఒక ఫ్యాక్టరీలో స్టోర్సు చూసుకునేవాడు. ఆయన్ను అడిగితే తేల్చేశాడు.

"ఫోన్ల వస్తది కదా. ఇంట్ల కూసోని చూడుండ్రి. గక్కడికి పోయి మైకుల మోత వినుడెందుకు?"

"ఫోన్ల చూస్తే చూసినట్టు ఉంటదా?" అన్నాను.

"ఫికర్ వద్దు. మానేస్తే రెండు వారాలు గుర్తొస్తది. మళ్ల మర్చిపోతరు."

ఆయన అన్నది తప్పనిపించలేదు. నిజంగా మర్చిపోతామేమో అన్న ఆలోచనే నచ్చలేదు. ఆ వారంలో ఒకరోజు మానేద్దాం అనుకునేదాన్ని, మర్నాడు ఇంకొక్క ఏడాది చూద్దాం అనుకునేదాన్ని. అత్తమ్మను అడగలేదు. ఆమె కోపం ఇంకా ఆరలేదనుకున్నాను.

శనివారం రానే వచ్చింది. కాలేజీలో పాసులిచ్చే ఆఫీసు మధ్యాహ్నం రెండింటి దాకే ఉంటుంది. పది గంటలకు కొట్టులో ఇద్దరమే ఉన్నాం. నేను పట్టుచీరకు ఫాల్ కుడుతున్నాను. ఆమె చిన్న పీట మీద ఊరికే కూర్చుని ఉంది. ఆ మధ్య హుక్కులు కుట్టడం కూడా మానేసింది. వేళ్లు గుంజుతున్నాయని చెప్పింది, నేను నమ్మాను.

"అత్తమ్మా, పాసులకు ఇయ్యాల్నే ఆఖరు. ఏం జేద్దాం?"

"నువ్వు పో. నాకెందుకు?"

"గా పోరడు లేపిండని ఇంక కోపమేనా?"

"గాడెవడు? లేవమన్నడు, లేసిన. గాడు పోయినంక ఖాళీ ఉంటే మళ్ల గక్కడ్నే కూసుంటుంటి. గది కాదు."

"మరేంది?"

ఆమె వీధిలోకి చూసింది. ఎవరి గురించో చెబుతున్నట్టు మెల్లగా చెప్పింది.

"నాకు బంతి కనబడుతలేదు."

నేను సూది ఆపాను.

"ఎప్పటి సంది?"

"పోయిన ఏడు సందే. ఎండ పూట జర నయం. గా లైట్లు ఏస్తే అంత చెదిరిపోయినట్టు కొడుతది. పోరగాండ్లు ఉరుకుతున్నరని తెలుస్తది. బంతి యాడుందో తెల్వది."

"మరి చప్పట్లు కొట్టినవ్ కదా?"

"నువ్వు కొడితే నేను కొట్టిన."

"రిఫరీని తిట్టినవ్."

"నువ్వు గొణుగుతవ్ కదా. నేను జర గట్టిగ అన్న, గంతే. గా స్పీకరు కాడ గది గూడ ఇనబడలే."

ఏడాదంతా నా మోచేతికి ఆమె మోచెయ్యి తగులుతూనే ఉంది. నేను చప్పట్లు కొట్టిన క్షణం తర్వాత ఆమె చప్పట్లు వినబడేవి, అది నేను గమనించలేదు. బంతి ఎటు పోతుందో ముందే చెప్పగలనని మురిసిపోయే మనిషిని, పక్క కుర్చీలో మనిషి కంటిని చూడలేదు. వేళ్లు గుంజడం కూడా అబద్ధమే, సూదిలో దారం ఎక్కించలేక చెప్పింది. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు.

"చెప్పొద్దా మరి?"

"చెప్తే నువ్వు పోవుడు బంద్ జేస్తవ్. దవాఖానకు గుంజుకపోతవ్."

రెండోది నిజమే. షట్టరు సగానికి దించి అప్పుడే తీసుకెళ్లాను. కంటి డాక్టరు లైటు వేసి చూసి రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయన్నాడు. ఆపరేషన్ చిన్నదే గానీ షుగరు ఎక్కువగా ఉంది, ముందు అది దిగాలి, మూడు నాలుగు నెలలు పట్టొచ్చు అన్నాడు. బయటికి వచ్చేసరికి పన్నెండున్నర దాటింది. ఆమెను ఇంటి దగ్గర దింపి నేను అదే ఆటోలో కాలేజీకి వెళ్లాను. వెళ్తున్నాను గానీ, పాసులు తీసుకుంటానా, ఈసారి వద్దని చెప్పి వస్తానా, నాకే తెలియదు. వద్దని చెప్పడానికి అంత దూరం పోవాల్సిన పని లేదని ఇప్పుడు తడుతోంది.

కంప్యూటరు ముందు ఒక అమ్మాయి ఉంది. నా పేరు చూసి, "మీయి అట్లనే ఉన్నయి ఆంటీ, పదకొండు పన్నెండు. రెన్యువల్ కొట్టాల్నా?" అంది.

గోడ మీద గ్రౌండు బొమ్మ వేసి ఉంది, ఏ వైపు ఏ రంగు పాసో చూపించేది. నేను దాన్నే చూస్తూ నిలబడ్డాను. గోల్ వెనక వైపు ఒక పసుపు పట్టీ ఉంది.

"గోల్ ఎనక ముందు వరుస ఉన్నదా?"

"గక్కడ ఎవరు తీస్కోరు ఆంటీ. వల అడ్డమొస్తది, అవతలి సగం సరిగ కనబడదు. హాస్టల్ పిల్లలు కూసుంటరు."

"గదే ఇయ్యి. రెండు."

ఆ అమ్మాయి నా మొహం చూసి మళ్లీ అడిగింది. మళ్లీ అదే చెప్పాను. నా లెక్క ఒక్కటే. దూరం బంతి కనబడకపోయినా, పది గజాల్లోకి వచ్చిన బంతి కనబడుతుంది. సగం ఆటైనా ఆమె తన కళ్లతో చూస్తుంది.

సాయంత్రం ఆ సంగతి చెబితే అత్తమ్మ విసుక్కుంది. "మంచి జాగ ఇడిసిపెట్టి వచ్చినవ్. అక్కల్ లేదు నీకు." తిడుతూనే ఆట ఏ వారమో అడిగింది.

ఆ సీజను నాకు కష్టంగానే గడిచింది. గోల్ వెనక నుంచి చూస్తే ఆట ఒక వరసలో కనిపించదు. అందరూ ఒకరి మీద ఒకరు పడుతున్నట్టు ఉంటుంది. వల గళ్లలోంచి చూసి చూసి నాకు తలనొప్పి వచ్చేది. పడమటి వైపు మా కుర్చీల్లో ఎవరో ఇద్దరు ఫోన్లు చూసుకుంటూ కూర్చునేవాళ్లు. చూడకూడదనుకుంటూనే అటు చూసేదాన్ని.

అత్తమ్మ సంగతి వేరు. మా ముందు నిలబడేది గోల్‌కీపర్. సగం ఆట మనవాడు, సగం ఆట ఎదుటివాడు. మన గోల్‌కీపర్ ఆ ఏడాదే మణిపూర్ నుంచి వచ్చిన పిల్లవాడు. తెలుగు ఒక్క ముక్క రాదు. మొదటి ఆటలోనే ఆమె వాడికి చెప్పడం మొదలుపెట్టింది. "ముందుకు రా బిడ్డా, గాడ్నే నాటుకున్నవేంది." వాడు ఒకటి రెండుసార్లు తిరిగి చూశాడు. మూడో ఆటకో నాలుగో ఆటకో ఆమె అరవగానే తిరగకుండానే మా యాసలోనే "అవ్, అవ్" అన్నాడు. వెనక మెట్ల మీద హాస్టలు పిల్లలంతా ఘొల్లుమన్నారు. ఆ పిల్లలే ఆమెకు అవతలి సగం చెప్పేవాళ్లు. "అమ్మమ్మా, గిప్పుడు మనోడు కార్నర్ కొడుతుండు" అని ఒకడు, "పోయింది, పైనుంచి పోయింది" అని ఒకత్తె. నేను చెప్పాల్సిన పని లేకుండా పోయింది. ఒకసారి మనవాడు కిందపడిన పిల్లవాణ్ని లేపకుండా పోతే ఆమె లేచి తిట్టింది. ఈసారి నా వైపు చూడలేదు. తన కళ్లకు కనబడింది కాబట్టే తిట్టింది.

సీజను అయిపోయాక, షుగరు అదుపులోకి వచ్చాక ఒక కంటికి ఆపరేషన్ అయింది. కట్టు విప్పిన రెండో రోజు కొట్టుకు వచ్చి నా మొహం పరీక్షగా చూసి, "నీ జుట్టు ఎప్పుడు నెరిసిందే?" అంది. హుక్కులు కుట్టడం మళ్లీ మొదలుపెట్టింది. రెండో కన్ను వచ్చే ఏడాది చేయించుకుంటానంది.

దీపావళి అయ్యాక మెసేజ్ మళ్లీ వచ్చింది. ఈసారి నాకు అనుమానమేమీ లేదు. మూడో వరుసకు తిరిగి వెళ్దాం అన్నాను.

"నేను రాను. నాకు గోల్ ఎనకనే మంచిగున్నది," అంది.

"ఇప్పుడు కనబడుతది కదా మొత్తం?"

"కనబడితే ఏం జెయ్యాలె? మూడో వరుసకెంచి చెప్తే ఎవరింటరు? గోల్ ఎనకైతే కీపరింటడు."

రెండు రోజులు ఇద్దరం పంతం పట్టాం. నా కోసం గోల్ వెనక ఆమె కూర్చోలేదు, ఆమె కోసం నేనే కూర్చున్నానని అననైతే అనలేదు, అనేంత పని చేశాను. చివరికి ఆమే తేల్చింది. "నీ జాగల నువ్వు కూసో. నా జాగల నేను కూసుంట. ఒక్క ఆటోలనే పోతం కదా." ఆఫీసులో అమ్మాయితో పడమటి వైపు ఒకటి, గోల్ వెనక ఒకటి అంటే, మేం పోట్లాడుకున్నామనుకుంది. పదకొండో నంబరు అప్పటికే పోయింది, పన్నెండు దొరికింది.

మొదటి ఆటకు గేటు దాటాక ఆమె ఎడమకు, నేను కుడికి నడిచాం. అన్నేళ్లలో ఆటలో విడిగా కూర్చోవడం అదే మొదలు. నా పక్కన ఎవరో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, కొత్త అపార్టుమెంటులో ఉంటాడట, ఆఫ్‌సైడ్ ఎందుకిచ్చారని నన్నే అడిగాడు. చెప్పాను. గ్రౌండు మొత్తం మళ్లీ నా ముందు పరుచుకుని ఉంది, బంతి ఎటు పోతుందో చాలాసార్లు సరిగ్గానే ఊహించాను. మధ్యమధ్య గోల్ వెనక వైపు చూశాను. ఆమె రెండుసార్లు లేచి నిలబడింది.

సగం ఆటకు టీ కొట్టు దగ్గర కలుసుకున్నాం. మణిపూర్ పిల్లవాడు వెళ్లిపోయాడు, వాడి జాగాలో కొత్తవాడు వచ్చాడు. ఎలా ఉన్నాడని అడిగాను.

"పొట్టిగున్నడు," అంది అత్తమ్మ టీ ఊదుకుంటూ. "చెప్పింది కూడ ఇంటలేడు. చూద్దాం."

ఆట మళ్లీ మొదలవుతుందని మైకులో చెప్పారు. ఆమె గ్లాసు పెట్టేసి అటు వెళ్లింది, నేను ఇటు వచ్చాను.